గాలి తోడే కుండతో బెంగుళూరు

బెంగుళూరుకు జనం రకరకాల పనుల మీద వెళతారు. కొందరు పట్టుచీరలకు, కొందరు కంటి డాక్టరుకు, కొందరు దాయాదుల మీద దావాకు. మేమిద్దరం చలి కోసం వెళ్ళాం. ఆ చలి కూడా మాకు కాదు, మా బావమరిది కుండకు. కుండకు లోపల వేడి ఉండాలి, బయట చలి ఉండాలి. ఈ సంగతి హిందూపురంలో ఎవరికి చెప్పినా నా వంక జాలిగా చూసి, ఇంట్లో అందరూ కులాసాయేనా అని అడిగారు.

నేను హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. నాకు ఛందస్సు తెలుసు, గాలి సంగతి తెలియదు. అది తెలిసినవాడు నా భార్య తమ్ముడు అశ్వత్థ. అనంతపురంలో ఇంటరు చదివి పరీక్ష తప్పి ఇంటికొచ్చాడు. ఫిజిక్సులో కాదు, ఇంగ్లీషులో తప్పాడు. ఈ యుద్ధం పుణ్యమా అని పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు తగిలించారు కదా. ఆ పొయ్యి రాజుకోవాలంటే గాలి కొట్టే చక్రాన్ని ఒక మనిషి చెమటలు కారేలా చేత్తో తిప్పాలి. అది చూసిన రోజు నుంచీ మావాడికి నిద్ర పట్టలేదు. పక్కన అంత వేడి పెట్టుకుని చేత్తో తిప్పడమేమిటి, ఆ వేడిచేతనే గాలిని తోడించాలి అంటాడు.

అలా పుట్టింది కుండ. మామూలు మట్టికుండే. నడుమ అడుగు మూసిన రేకు గొట్టం నిలబెట్టి అందులో నిప్పులు వేస్తాడు. కుండ మూతిని సున్నమూ బెల్లమూ కలిపిన ముద్దతో గాలి చొరకుండా పూడ్చాడు. పక్కన ఒక సన్నటి రబ్బరు గొట్టం, దాని కొస నీళ్ళ గ్లాసులో. లోపల వేడెక్కగానే గ్లాసులో బుడగలు మొదలవుతాయి. వేడికి ఉబ్బిన గాలి బయటికొస్తోంది, అందులో వింతేముందని నేను కొట్టిపారేశాను. ఉబ్బిన గాలయితే కాసేపు వచ్చి ఆగిపోవాలి కదా బావా, ఇది పొద్దుటి నుంచీ వస్తోంది చూడు అన్నాడు. బయటి గాలి కుండ గోడలోని కంటికి కనబడని చిల్లుల్లోంచి చల్లటి వైపు నుంచి వేడి వైపుకు నడుస్తుందట. మధ్యలో ఏ చక్రమూ తిరగదు, ఏ తిత్తీ ఊదదు. నిజానికి నాకు ఒళ్ళు జలదరించింది గానీ పెద్దవాణ్ణి కాబట్టి పైకి చెప్పలేదు.

ఒకటే లోపం. ఆ బుడగలతో బస్సు పొయ్యి కాదు గదా, అగరువత్తి కూడా రాజుకోదు. మా ఊళ్ళో బయట కూడా వేడే కాబట్టి తేడా చాలడం లేదనీ, చల్లని ఊళ్ళో అయితే రెండింతలు తోడుతుందనీ వాడి లెక్క. బెంగుళూరులో ఒక కాలేజీ ప్రొఫెసరు గారికి ఉత్తరం రాశాడు. ఆయన పట్టుకురమ్మన్నారు.

వాళ్ళ నాన్నకు, అంటే మా మామకు, బెల్లం మండీ ఉంది. సున్నంలో కలిపిన బెల్లం కూడా ఆయనదే. ప్రయాణం ముందు మా ఇద్దరినీ పిలిచి చెప్పాడు.

"ఆ ప్రొఫెసరు ముందర కుండ పనిచేస్తే ఇంగ నీ ఇష్టం రా. చెయ్యలేదా, తిరిగొచ్చిన రోజే మండీలో కూర్చోవాల. మళ్ళా కుండ మాట నా ఇంట్లో వినబడకూడదు." తరవాత నా వైపు తిరిగాడు. "అల్లుడా, నువ్వూ పో. నీ కండ్లతో చూసి వచ్చి చెప్పు. వీడు అబద్ధం చెప్పడు గానీ, వీనికి ప్రతిదీ పనిచేసినట్లే కనబడతాది."

అశ్వత్థ సరేనన్నాడు. మండీలో వాడు కూర్చున్న రోజులు నేను చూశాను. త్రాసు ముందు ఉంటాడు గానీ, పళ్ళెం పైకి లేస్తే ఎందుకు లేచిందా అని ఆలోచిస్తూ బేరం మరచిపోతాడు. మామ ఆ కుర్రతనాన్ని తిట్టిపోస్తాడు. పాతికేళ్ళొచ్చినవాడు తల వంచుకుని వింటాడు.

బొగ్గు బస్సు

కుండను రేకు గొట్టంతో సహా తెల్లటి పంచె ముక్కలో మూటగట్టి, పైన ముడివేసి, అశ్వత్థ ఒళ్ళో పెట్టుకున్నాడు. బస్సులో ఇసుక వేస్తే రాలదు. అయినా మమ్మల్ని చూడగానే ముందు వరసలో ఇద్దరు లేచి చోటిచ్చారు. కండక్టరు గొంతు తగ్గించి మాట్లాడాడు. మన దేశంలో చదువుకు మర్యాద పెరుగుతోందని సంతోషించాను.

గౌరిబిదనూరు దాటాక పక్క సీట్లోని పెద్దమ్మ, వక్కాకు నములుతూ, కుండ వైపు చూసి అడిగింది. "శ్రీరంగపట్నానికా నాయనా? కావేరిలో కలిపేదానికా?"

అప్పుడర్థమయింది మర్యాద. తెల్లగుడ్డ కట్టిన కుండను ఒళ్ళో పెట్టుకుని ఇద్దరు మగవాళ్ళు దక్షిణంగా పోతుంటే మన వాళ్ళకు తోచేది అస్థికలే. అశ్వత్థకు ఇవేమీ పట్టలేదు, వెనక్కి తిరిగి బొగ్గు పొయ్యినే చూస్తున్నాడు.

"అదేం కాదమ్మా. లోపల ఏమీ లేదు, ఉత్త గాలే" అన్నాను.

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. "అంతే నాయనా. ఎంత బతికినా కడాకు మిగిలేది అదే గదా."

ఇంక నేను విడమరచి చెప్పబోలేదు. పైగా, దొడ్డబళ్ళాపురం ముందు మెట్ట ఎక్కలేక బస్సు చతికిలబడినప్పుడు అందరూ దిగి తోయవలసి వచ్చింది. మా ఇద్దరినీ ఎవరూ తోయనివ్వలేదు. మైల మనుషులు, వాళ్ళను వదిలెయ్యండని పెద్దమ్మ గట్టిగా చెప్పింది. నేను చేతులు కట్టుకుని తగినంత విచారంగా గట్టున నిలబడ్డాను. అశ్వత్థ మాత్రం చక్రం తిప్పే క్లీనరు దగ్గరికి పోయి, ఆ మీసాల మనిషికి కుండ సిద్ధాంతం చెప్పడం మొదలుపెట్టాడు. క్లీనరు రొప్పుతూ, తిప్పుతూ, అంతా విని, "స్వామీ, అది వచ్చేదాకా దీన్ని మీరు కాసేపు తిప్పరాదా?" అన్నాడు. మావాడు కుండ నాకిచ్చి తిప్పాడు కూడా. మైల మనిషి తిప్పినందుకో ఏమో, బస్సు వెంటనే కదిలింది.

నగర్తపేట

బెంగుళూరులో మా బస నగర్తపేటలో, మా నాన్న చెల్లెలు సుబ్బత్త ఇంట్లో. ఆ పేటలో వీధికీ ఇంటికీ తేడా తక్కువ. ఒక గుమ్మంలో ఇత్తడి రేకులు కొడుతుంటారు, పక్క గుమ్మంలో బియ్యం ఏరుతుంటారు, మధ్యలోంచి ఎద్దుబండి పోతుంది. ఆషాఢ మాసం. మా ఊళ్ళో ఆషాఢమంటే కళ్ళల్లో దుమ్ము కొట్టే గాలి. ఇక్కడేమో జల్లెడ పట్టినట్లు సన్నటి తుంపర. కురుస్తున్నట్లూ ఉండదు, ఆగినట్లూ ఉండదు. నా దంతాలు టకటకలాడుతుంటే అశ్వత్థ ముఖం వెలిగిపోయింది. "చూసినావా బావా, ఏం చలి! తేడా అంటే ఇదీ" అన్నాడు.

అత్త గుమ్మంలోనే ఆపింది. "రాండప్పా, రాండి. కాళ్ళు కడుక్కోండి. ఆ మూట ఏంది?"

అశ్వత్థ చెప్పాడు. వేడి వైపు, చలి వైపు, కనబడని చిల్లులు, వాటిల్లోంచి నడిచే గాలి, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డురాకుండా తల పంకిస్తూ విన్నది. తరవాత నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు దించింది.

"పాపం, పిల్లోడికి బుర్ర చెదిరినట్లుండాది. స్వల్ప దినాలు పోతే సర్దుకుంటాడు లే. నిజం చెప్పు, కుండలో ఉండేది మీ మామేనా?"

"మామకేం అత్తా? బాగున్నాడు. నిన్న కూడా మండీలో అరుస్తున్నాడు."

"నేను బాధపడతానని దాస్తావు. బెంగుళూర్లో కుండలు లేవా? ఉత్త కుండను హిందూపురం నుంచి ఒళ్ళో పెట్టుకోని ఎవరైనా వస్తారా?"

ఆ మాటకొస్తే నేను కూడా అశ్వత్థను అదే అడిగి ఉండాల్సింది. అత్త మా మామ మంచితనం తలుచుకుని కాసేపు ఏడ్చింది. నా పెళ్ళిలో ఆయన పంచిన బెల్లం అచ్చుల తీపి ఇంకా నోట్లో ఉందంది. బతికున్న మనిషిని గురించి అన్ని మంచి మాటలు నేనెప్పుడూ వినలేదు.

ఏడ్చినా వడ్డనలో లోటు చేయలేదు. వేడి వేడి రాగిముద్ద, సాంబారు. ముద్ద మాదీ వాళ్ళదీ ఒకటే గానీ, సాంబారు నోట్లో పెట్టగానే ఉలిక్కిపడ్డాను. తియ్యగా ఉంది! మా ఊళ్ళో పప్పుచారు తియ్యగా ఉంటే కోడలిని పుట్టింటికి పంపుతారు. ఇక్కడ బెల్లం వేయకపోతే పంపుతారట. హిందూపురం నుంచి బస్తాలకు బస్తాలు బెల్లం ఎక్కడికి పోతోందా అనుకునేవాణ్ణి. మా మామ సంపాదనంతా ఈ ఊరి సాంబారులో ఉంది. మూడోసారి వడ్డించుకునేటప్పటికి అలవాటయింది.

చూరు కింద

పొద్దున లేచేసరికి కుండ లేదు. అశ్వత్థ అరుపుకు వీధిలో రేకులు కొట్టేవాళ్ళు కూడా ఆగారు.

కుండ బయట ఉంది. వెనక వైపు చూరు వాసానికి తాడుతో కట్టి, వేలాడదీసి, పైన తులసి దళం పెట్టి ఉంది. అస్థికలు ఇంట్లో ఉంచకూడదు, నేల మీద పెట్టకూడదు కాబట్టి అత్త మేం పడుకోగానే ఆచారం ప్రకారం చేసి, తలస్నానం కూడా చేసిందట. ఆ చలిలో, అదీ మండీలో నిక్షేపంగా ఉన్న మా మామ కోసం. నేను కోప్పడబోయి ఆగిపోయాను. చూరు మాత్రం ఓటిది. రాత్రంతా తుంపర కుండ మీదే పడింది. గుడ్డ పిండితే నీళ్ళు కారాయి.

"పొయ్యి దగ్గర పెట్టి ఆరబెడదామురా" అన్నాను.

అశ్వత్థ కుండను రెండు చేతులా తడిమి చూసి చిన్నగా నవ్వాడు. "వద్దులే బావా. తడిసిన కుండలో నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయి! ఎంత చల్లగుంటే మనకంత మేలు. అత్త తెలియక మనకు మంచే చేసింది."

నాకది సబబుగానే తోచింది. తెలుగు పండితుడికి సబబుగా తోచినప్పుడే అశ్వత్థ అనుమానించి ఉండవలసింది.

ప్రొఫెసరు గారి వరండా

జట్కాలో వెళ్ళాం. ప్రొఫెసరు గారు ముసలాయన. మెడకు ఉన్ని మఫ్లరు, కోటు జేబులో వేయించిన చెనక్కాయలు. మాట్లాడుతూ ఒలుచుకుంటారు, ఒలుచుకుంటూ మరచిపోయి పొట్టు నోట్లో వేసుకుంటారు. మాతో కన్నడంలోనే మాట్లాడారు. హిందూపురం వాళ్ళకు అది పరాయి భాష కాదు కాబట్టి అశ్వత్థ గండం గడిచింది.

వరండాలో బల్ల మీద కుండ పెట్టాడు. పగలకుండా అడుగున గుక్కెడు నీళ్ళు పొయ్యమని వాళ్ళమ్మ ఎప్పుడో చెప్పింది, ఆ ప్రకారం రబ్బరు గొట్టంలోంచి పోశాడు. గొట్టంలో నిప్పులు వేశాడు. రబ్బరు గొట్టం కొస గ్లాసులో ముంచాడు. కాసిని బుడగలు వచ్చాయి. "ఇది ఉబ్బిన గాలండీ. అసలుది ఇప్పుడొస్తుంది" అన్నాడు.

బుడగలు ఆగిపోయాయి.

చూశాం. ప్రొఫెసరు గారు చెనక్కాయలు తిన్నారు. అశ్వత్థ నిప్పులు ఊదాడు, గొట్టం కదిలించాడు, గ్లాసుకు చెవి పెట్టాడు. గ్లాసులో నీళ్ళు తేటగా, కదలకుండా ఉన్నాయి. సున్నంలోని బెల్లానికి ఆ వరండా చీమలు బారులు తీరి వచ్చాయి. ఆ యంత్రంలో కదులుతున్నవి అవే.

నిజానికి నా పని సులువైపోయింది. కళ్ళతో చూశాను, పనిచేయలేదు, వెళ్ళి చెప్పడమే. కాని వాడి ముఖం చూడలేకపోయాను. వాడు గ్లాసు వంక చూస్తూ, మెల్లగా, ధోవతి మీద పడిన బూడిద దులుపుకున్నాడు. అప్పటికే మండీకి వెళ్ళిపోయిన మనిషిలా ఉన్నాడు.

ప్రొఫెసరు గారు లేచి కుండ మీద వేలు రాసి, ఆ వేలు చూసుకున్నారు. "ఇది రాత్రి ఎక్కడుంది?" అని అడిగారు.

నేను చెప్పాను. బస్సులో పెద్దమ్మ నుంచి తులసి దళం దాకా ఏదీ వదల్లేదు. ఆయన నవ్వి నవ్వి, మఫ్లరు ఊడి చెనక్కాయ పొట్టులో పడింది.

"మీ అత్తగారు గాలికి తలుపులు మూసేశారయ్యా" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "చిల్లుల నిండా నీళ్ళున్నాయి. చల్లదనం సరే, గాలి నడిచే దారి ఏదీ?"

అశ్వత్థ తలెత్తాడు. "ఆరాల. మన ఊరి గాలి కావాల బావా" అన్నాడు.

హిందూపురం గాలిని అప్పటికప్పుడు ఎక్కడినుంచి తేను? భుజం మీది కండువా తీసి, రెండు చేతులా పట్టుకుని, కుండ చుట్టూ తిరుగుతూ విసరడం మొదలుపెట్టాను. జీవితంలో నా భార్యకు కూడా విసరలేదు. అశ్వత్థ నిప్పులు మార్చాడు. నేను విసిరాను. కుండ రంగు పైనుంచి కిందికి మెల్లగా తేలికపడింది. చలి పోయి చొక్కా తడిసింది. చేతులు పడిపోతున్నాయనగా గ్లాసులో ఒక బుడగ వచ్చింది. ఇంకొకటి. తరవాత వరసగా, ఆగకుండా, ఒకదాని వెనక ఒకటి.

"వచ్చె!" అని నేనే కేకపెట్టి విసరడం ఆపాను. బుడగలు మందగించాయి. మళ్ళీ విసిరాను, చురుకెత్తాయి.

ప్రొఫెసరు గారు కాసేపు గ్లాసునూ, కాసేపు నన్నూ చూశారు. "ఈ యంత్రం దేనికని చెప్పావు?" అని అశ్వత్థను అడిగారు.

"బస్సు పొయ్యికి మనిషి చక్రం తిప్పే పని తప్పించడానికండీ."

ఆయన మళ్ళీ నా వంక చూశారు. నేను ఆయాసపడుతూ విసురుతూనే ఉన్నాను. మా ముగ్గురికీ ఒక్కసారే నవ్వొచ్చింది.

తరవాత ఆయన కూర్చోబెట్టి చెప్పారు. బస్సుకు ఇది పనికిరాదు. మట్టిలో చిల్లులు మరీ పెద్దవి, వచ్చిన గాలి వచ్చినట్లే వెనక్కి జారుకుంటోంది. చిల్లులు ఎంత సన్నమైతే అంత మంచిది. గోడ పలచన చేస్తే గాలి సులువుగా నడుస్తుంది గానీ, వేడి కూడా అంతే సులువుగా అవతలికి పారిపోతుంది, ఇంక తేడా ఎక్కడ మిగులుతుంది? ఒక కుండ చాలదు, ఒకటి తోడింది ఇంకొకటి అందుకునేలా వరసగా పెట్టాలి. పైగా అడుగున పోసిన నీళ్ళున్నాయే, ఆ ఆవిరి కూడా బయటికి పోతూ బయటి గాలిని లోపలికి రప్పిస్తున్నట్లుంది. అందుకే బయట పొడిగా ఉండాలి.

"ఇందులో వేడి చేసేదెంత, తడి చేసేదెంత? నాకు తెలియదు. నీకు తెలుసా?"

"తెలియదండీ" అన్నాడు అశ్వత్థ.

"అయితే నీళ్ళు పోసి ఒకసారి, పోయకుండా ఒకసారి చూడు. సన్నమట్టితో చూడు. తెలుసుకున్నాక వచ్చి నాకు చెప్పు" అని జేబులోని చెనక్కాయలు గుప్పెడు వాడి చేతిలో పోశారు.

బళేపేట హోటలు

తిరుగు బస్సుకు టైముందని బళేపేటలో ఒక హోటలుకు పోయాం. గాజుల అంగళ్ళ మధ్య ఇరుకు సందులో ఉంది. ఒక కాఫీని రెండు లోటాల్లో పోసి ఇద్దరికివ్వడం ఇక్కడ మామూలు. మా ఊళ్ళో అలా అడిగితే పిసినారి అంటారు, ఇక్కడ స్నేహమంటారు. దోసె రెండణాలు. మా ఊళ్ళో ఆ డబ్బుకు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు కడుపు పగిలేలా తిని చేయి కడుక్కోవడానికి కూడా బద్ధకించవచ్చు. కాని ఆ దోసె అంచు కరకరా, నడుమ మెత్తగా, పైన వెన్న కరుగుతూ ఉంటే డబ్బు సంగతి నాకు గుర్తు రాలేదు. నా కుడిచేయి పైకి లేవకపోయినా ఎడమచేత్తో దానికి ఊతమిచ్చి తిన్నాను.

అశ్వత్థ తినలేదు. దోసెలోని చిల్లుల్ని చూస్తూ కూర్చున్నాడు.

"బావా" అన్నాడు చివరికి. "నాయన అడిగితే ఉన్నదున్నట్ల చెప్పు. నా కోసరం కలిపి చెప్పొద్దు."

"పనిచేసిందంటావా, లేదంటావా?" అని అడిగాను.

"నువ్వే గదా చూసినావు."

పద్యానికి గణాలు తప్పాయో లేదో చెప్పమంటే చెప్పగలను గానీ, దీనికేం చెప్పను? దారి పొడుగునా అదే ఆలోచన. ఈసారి కుండకు గుడ్డ కట్టలేదు. మాకెవరూ చోటివ్వలేదు, మెట్ట దగ్గర నాచేత కూడా బస్సు తోయించారు.

మండీ

మామ త్రాసు దగ్గరే ఉన్నాడు. ఆరోగ్యంగా, ఒక రైతును తిడుతూ. సుబ్బత్త ఆయన కోసం ఏడ్చిందని చెబితే ఎందుకన్నాడు. ఆ మాట నుంచే మొదలుపెట్టి అంతా చెప్పాను, చూరు, తుంపర, చీమలు, కండువా. బస్సుకు పనికిరాదని ప్రొఫెసరు గారన్న మాట కూడా దాచలేదు. అశ్వత్థ బెల్లం బుట్టల పక్కన నిలబడి నేల చూస్తున్నాడు.

మామ రైతును ఆగమని చెయ్యి చూపించాడు. "పెట్టు చూద్దాం" అన్నాడు కొడుకుతో.

మండీ నేల మీదే పెట్టాడు. మా ఊరి పొడిగాలి తలుపులోంచి కొడుతోంది. ఎవరూ విసరకుండానే గ్లాసులో బుడగలు మొదలయ్యాయి. మామ ఎన్నడూ దీన్ని దగ్గరగా చూడలేదు. త్రాసు వదిలి, మోకాళ్ళ మీద వంగి, గ్లాసుకు ముఖం ఆనించినంత దగ్గరగా చూశాడు.

"యాడ నుంచి వస్తాండాది రా గాలి?"

"బయట నుంచి. గోడలోంచి."

"దీంట్లో లాభమేంది?"

"ఇంకా తెలీదు నాయనా" అన్నాడు అశ్వత్థ.

మా మామతో లాభం తెలియదని చెప్పి గెలిచినవాడు లేడు. అవతల రైతు తూకం సంగతేమిటని అడిగాడు. మామ వినిపించుకోకుండా గోడకున్న తాటాకు విసనకర్ర అందుకున్నాడు.

"ఇంకా గట్టిగా విసిరితే ఇంకా వస్తాయా?"

"చూడాల నాయనా."

"చూడాల అంటే మండీలో కూర్చోని యాడ చూస్తావు రా? ఇంటెనక కొట్టం ఖాళీ చేయించుకో పో" అని కసిరి, మామ కుండ పక్కన చతికిలబడి విసరసాగాడు.